చిన్న విమానం ఎగ్జాస్ట్ గొట్టాలకు మెరుగు పెట్టడం, పరీక్షించడం, కాపాడుకోవడం ఎలా?

సెస్నా 172 లాంటి చిన్న విమానం కౌలింగ్ (ఇంజన్ మీది మూత) విప్పితే మిగతా ఇంజన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఎగ్జాస్ట్ గొట్టాలు మాత్రం గోధుమ, ఊదా, నీలం రంగుల్లో మరకలు మరకలుగా కనిపిస్తాయి. వాటిని కొత్తవాటిలా మెరిపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. మెరిపించవచ్చు. అయితే ఆ పనిలో అసలు లాభం మెరుపు కాదు. మసి, బూడిద, పాత రంగు పోయాక కింద ఉన్న లోహం బయటపడుతుంది. అందులో వెంట్రుకంత పగులున్నా కంటికి కనపడుతుంది. ఆ గొట్టాల చుట్టూ తిరిగి వేడెక్కిన గాలే క్యాబిన్ హీటర్ గుండా మీ ముఖానికి వస్తుంది. పగులుంటే కాలిన వాయువులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆ గాలిలో కలుస్తుంది కాబట్టి, వెంట్రుకంత పగులైనా చిన్న విషయం కాదు.

ఇక్కడ చెప్పేది లైకమింగ్ ఓ-320 ఇంజన్ ఉన్న సెస్నా 172 గురించి. 1968 మోడల్ నుంచి ఈ ఇంజన్ వచ్చింది. నాలుగు సిలిండర్ల నుంచి నాలుగు రైజర్ గొట్టాలు దిగుతాయి. అవి మఫ్లర్‌లో కలుస్తాయి. మఫ్లర్ నుంచి ఒకే టెయిల్‌పైపు కౌలింగ్ కిందికి వస్తుంది. మఫ్లర్ చుట్టూ పలుచని రేకు తొడుగు ఉంటుంది, దాన్ని ష్రౌడ్ అంటారు. బయటి గాలి ఆ తొడుగులోకి వెళ్లి, మఫ్లర్ వేడిని పుచ్చుకుని క్యాబిన్‌లోకి వస్తుంది. కార్బ్యురేటర్ హీట్ గాలి, అంటే కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా పంపే వేడి గాలి కూడా ఇలాగే వేడెక్కుతుంది: కొన్ని మోడళ్లలో మఫ్లర్ ష్రౌడ్ నుంచి, కొన్నింటిలో ఒక రైజర్ చుట్టూ ఉన్న తొడుగు నుంచి. మిగతా చిన్న విమానాల్లో అమరిక కాస్త మారినా పని పద్ధతి ఒకటే.

ముందు ఒక మాట. ఎగ్జాస్ట్ విప్పడం పైలట్ సొంతంగా చేసుకోదగ్గ పనుల జాబితాలో లేదు. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల్లోని పార్ట్ 43 ప్రకారం లైసెన్సు ఉన్న మెకానిక్ పర్యవేక్షణలో మీరు చేతులు పెట్టవచ్చు, లాగ్‌బుక్‌లో సంతకం మాత్రం ఆయనదే. మన దేశంలో ఏఎమ్‌ఈ (లైసెన్సు ఉన్న విమాన నిర్వహణ ఇంజనీరు) సర్టిఫై చేయాలి. కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఆయనతో మాట్లాడుకోండి. విప్పి, తోమి, బిగించాక పిలిస్తే ఆయన చూడాల్సినవి సగం కనపడకుండా పోతాయి.

లోహం ఏమిటో తెలుసుకోండి

ఈ గొట్టాలు ఎక్కువగా 321 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. కొన్ని ఇన్‌కోనెల్ అనే నికెల్ మిశ్రలోహానివి. గోడ మందం చాలాచోట్ల 0.035 అంగుళమే, అంటే 0.9 మిల్లీమీటరు. లోపల పోయే వాయువు 700 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. ప్రతి ఫ్లైట్‌కూ ఈ పలుచని రేకు ఒకసారి ఎర్రగా కాలి, ఒకసారి చల్లారుతుంది. పగుళ్లకు మొదటి కారణం ఇదే. వేడికి సాగాలని చూసే గొట్టాన్ని పక్కన ఉన్న అతుకో క్లాంపో సాగనివ్వదు, అక్కడే చిట్లుతుంది.

అయస్కాంతం పెట్టి చూడండి. 321 స్టీలుకు అది అంటుకోదు. వంపుల దగ్గర కాస్త లాగినట్టు అనిపిస్తే కంగారు పడొద్దు, చల్లగా వంచిన చోట అలా ఉంటుంది. గొట్టమంతా గట్టిగా అంటుకుంటే అది మామూలు ఉక్కు. కొన్ని పాత విమానాల్లో అలాంటివి ఉన్నాయి, వాటికి పద్ధతి వేరు.

స్టెయిన్‌లెస్ అయితే నాలుగు వస్తువులు గొట్టం దరిదాపుల్లోకి రానివ్వకండి.

పెన్సిల్ మొదటిది. పగులు దొరికిందని పెన్సిల్‌తో సున్నా చుట్టడం చాలామంది చేసే పని. ఆ గీతలోని కార్బన్, గొట్టం కాలినప్పుడు లోహంలోకి ఇంకి ఆ చోటును చెడగొడుతుంది. తర్వాతి పగులు సరిగ్గా మీ సున్నా వెంటే వస్తుంది. గుర్తు పెట్టాలంటే సుద్దముక్క వాడండి.

రెండోది జింకు పూత ఉన్న పనిముట్లు. గాల్వనైజ్డ్ తీగతో గొట్టాన్ని వేలాడదీయడం, జింకు పూత బోల్టు వాడటం కూడా ఇందులోకే వస్తాయి. వేడికి జింకు కరిగి స్టీలులోకి చొరబడుతుంది.

మూడోది మామూలు ఇనుప బ్రష్షు. అది స్టెయిన్‌లెస్‌లో ఇనుప రేణువులు దిగేస్తుంది. వారం తిరగకముందే తోమిన గీతల వెంట తుప్పు చుక్కలు లేస్తాయి. స్టెయిన్‌లెస్ తీగ బ్రష్షు కొనండి, దాన్ని వేరే ఇనుము మీద ఎప్పుడూ వాడొద్దు. పిడి మీద రంగు టేపు చుట్టి విడిగా పెట్టుకుంటే ఎవరూ పొరపాటున తీయరు.

నాలుగోది క్లోరిన్ ఉన్న క్లీనర్లు. బ్రేకులు కడిగే స్ప్రేల్లో కొన్ని ఇవే. క్లోరైడు మిగిలిపోయిన స్టెయిన్‌లెస్ వేడికీ బిగువుకీ కలిపి పగులుతుంది. పైగా ఆ క్లీనర్ ఆవిరి తగిలిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద పేర్లు చదివి, క్లోరిన్ లేనిదే తీసుకోండి.

విప్పే ముందు ఫొటోలు

కౌలింగ్ తీయగానే తుడవొద్దు. బాగా వెలుగున్న టార్చి పట్టుకుని ముందు చూడండి, ఫొటోలు తీయండి. పగులు నుంచి లీకైన వాయువు దాని పక్కనే జాడ వదులుతుంది: పాలిపోయిన బూడిదరంగు పొడి, లేదా నల్లటి మసి చార. పొడి తెల్లగా, బూడిదగా ఉండటానికి కారణం పెట్రోల్‌లోని సీసం. 100ఎల్‌ఎల్ ఏవియేషన్ పెట్రోల్‌లో లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండొచ్చు, దాని లవణాలే అలా పేరుకుంటాయి. రైజర్ పైచివర ఫ్లాంజ్ (సిలిండర్‌కు నట్లతో బిగించే అంచు) దగ్గర, సిలిండర్ రెక్కల మీద, స్లిప్ జాయింట్ల (ఒక గొట్టంలో ఇంకోటి దూరే అతుకుల) చుట్టూ, ఈజీటీ ప్రోబ్ (ఎగ్జాస్ట్ వేడి కొలిచే కడ్డీ) రంధ్రం దగ్గర ఇలాంటి చార ఉందేమో చూడండి. తుడిచేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

రంగులూ మాట్లాడతాయి. స్టెయిన్‌లెస్ వేడెక్కే కొద్దీ లేత గడ్డిరంగు, గోధుమ, ఊదా, నీలం అనే వరుసలో మారుతుంది. నాలుగు రైజర్లూ దాదాపు ఒకే రంగులో ఉంటే మంచిది. ఒకటి మాత్రం వేరుగా ఉంటే ఆ సిలిండర్‌లో పెట్రోల్, గాలి మిశ్రమం తేడా ఉందేమో, ఇన్‌టేక్ గొట్టం గాలి పీల్చుతోందేమో చూడాలి. గొట్టం మీద ఒకేచోట నాణెమంత మచ్చ నల్లబడి, కాస్త ఉబ్బినట్టు ఉంటే అక్కడ లోపల గోడ అరిగిపోయింది.

విప్పడం

ముందురోజు సాయంత్రమే నట్లకు, స్లిప్ జాయింట్లకు మౌస్ మిల్క్ లాంటి పట్టు వదిలించే నూనె వేసి రాత్రంతా నాననివ్వండి. స్టడ్ (నట్టు బిగించే, సిలిండర్‌లో నాటిన మరకడ్డీ) విరిగితే సిలిండర్ దగ్గర గంటల పని పడుతుంది, కాబట్టి ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టడం మేలు.

ముందు ష్రౌడ్‌కు వచ్చే నారింజరంగు స్కాట్ గొట్టాలు (గాలిని తీసుకెళ్లే, వంగే గొట్టాలు) తీయండి. వాటి లోపలి తీగ బయటికి పొడుచుకొచ్చిందేమో చూడండి. ఈజీటీ ప్రోబ్ క్లాంపు వదులు చేసి ప్రోబ్‌ను జాగ్రత్తగా పక్కకు పెట్టండి. తర్వాత టెయిల్‌పైపు ఊత, మఫ్లర్ క్లాంపులు వదులు చేయండి. ఫ్లాంజ్ నట్లు చివరికి. ఒక్కో ఫ్లాంజ్‌కు రెండు నట్లుంటాయి, అర అంగుళం స్పానర్ పడుతుంది. ఒక నట్టును పూర్తిగా తీసేసి రెండోదాని దగ్గరికి వెళ్లకండి. అటొకటి ఇటొకటిగా కొద్దికొద్దిగా వదలండి. బరువంతా ఒక్క రైజర్ మీద వేలాడితే పలుచని మెడ దగ్గర వంగిపోతుంది, అందుకే చివరి నట్టు తీసేటప్పుడు ఇంకొకరు కింద పట్టుకోవాలి.

స్లిప్ జాయింట్ రాకపోతే సుత్తితో కొట్టొద్దు. మళ్లీ నూనె వేసి, గొట్టాన్ని ఎడమకూ కుడికీ మెలిపెడుతూ లాగండి.

పాత గాస్కెట్లు చాలా ఏళ్లనాటివైతే వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకవద్దు, తడిపి తీసి సంచిలో కట్టేయండి. పోర్టుల్లోకి ఏమీ పడకుండా శుభ్రమైన బిరడాలతో మూయండి. గుడ్డ పెడితే లోపల మర్చిపోయే ప్రమాదం ఉంది.

శుభ్రం చేయడం

ఇక్కడ రేగేది సీసం ధూళి. నైట్రైల్ తొడుగులు, పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు తప్పనిసరి. ఏ పనైనా తడిగానే చేయండి. ఆ బట్టలతో ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

ముందు మినరల్ స్పిరిట్స్‌తో జిడ్డు వదలగొట్టండి. తర్వాత వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు. మసిలో చాలా భాగం ఇక్కడే పోతుంది. ఇప్పుడు ఎర్రమట్టి రంగు స్కాచ్‌బ్రైట్ పీచును సబ్బునీళ్లలో ముంచి, గొట్టం పొడవునా ఒకే దిశలో రుద్దండి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు పగుళ్లలా కనిపించి తర్వాత పరీక్షలో తికమక పెడతాయి. వెల్డింగ్ అతుకుల మూలల్లో స్టెయిన్‌లెస్ బ్రష్షు వాడండి.

నీలం, ఊదా రంగులు దీనితో పలుచబడతాయి తప్ప పూర్తిగా పోవు. పోవాలన్న పట్టుదల వద్దని నా సలహా. ఆ రంగు లోహం పైపొరలోనే ఉంటుంది, హాని చేయదు. అద్దంలా పాలిష్ చేసిన రైజర్ మొదటి ఫ్లైట్‌కే మళ్లీ రంగు తిరుగుతుంది. కౌలింగ్ బయట కనపడే టెయిల్‌పైపును మాత్రం మెరిపించుకోండి, మసి పడితే తుడవడం తేలికవుతుంది.

ఇనుప బ్రష్షు పాపం వల్ల పాత తుప్పు చుక్కలుంటే సిట్రిక్ యాసిడ్ బాగా పనిచేస్తుంది. లీటరు నీళ్లకు 100 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలపండి. ద్రావణం 21 నుంచి 49 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే గోరువెచ్చగా ఉండాలి. గొట్టాన్ని అందులో కనీసం 20 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. ఇది స్టీలులో దిగిన ఇనుప రేణువుల్ని కరిగించేస్తుంది, స్టీలును తినదు. ఇది రైజర్లకు, టెయిల్‌పైపుకు మాత్రమే. మఫ్లర్‌ను ముంచొద్దు. లోపలి పొరల మధ్య ఇరుక్కున్న యాసిడ్‌ను కడిగి తీయడం మీ వల్ల కాదు. వెల్డింగ్ షాపుల్లో వాడే పికిలింగ్ పేస్టు జోలికి అసలు వెళ్లొద్దు. అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, అది చర్మం దాటి ఎముక దాకా వెళ్తుంది.

ఇసుక బ్లాస్టింగ్ చేయిద్దామా అని అడుగుతుంటారు. 0.9 మిల్లీమీటరు రేకు మీద గరుకు ఇసుక కొడితే ఉన్న మందమూ పోతుంది. కొత్త గాజుపూసలతో, తక్కువ ఒత్తిడితో చేయవచ్చు కానీ రెండు షరతులు. ఆ పూసలు అంతకుముందు మామూలు ఇనుము మీద వాడినవి కాకూడదు. రెండోది ఇంకా ముఖ్యం: పగుళ్ల పరీక్ష బ్లాస్టింగ్‌కు ముందే అయిపోవాలి. పూసల దెబ్బకు లోహం పైపొర కాస్త పరుచుకుని పగులు నోరు మూసుకుపోతుంది. తర్వాత ఎంత రంగుద్రవం పోసినా అది లోపలికి దిగదు.

పగులు వెతకడం

ఆరిన గొట్టాన్ని ఎండలోకి తీసుకెళ్లి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. వెల్డింగ్ అతుకు మీద కాదు, అతుకు పక్కన సన్నని గీతలా పగులు మొదలవుతుంది. ఫ్లాంజ్ మెడ, రెండు గొట్టాలు కలిసే మూల, ప్రోబ్ రంధ్రం అంచు, క్లాంపు కూర్చునే చోటు, ష్రౌడ్ రాసుకున్న చోటు: ఇవి వదలకూడని చోట్లు. ష్రౌడ్‌ను పూర్తిగా విప్పకుండా మఫ్లర్ చూశామని అనుకోవద్దు. పగుళ్లు ఎక్కువగా దాక్కునేది దాని కిందే.

అనుమానం ఉన్నచోట డై పెనెట్రెంట్, అంటే పగుల్లోకి దిగే రంగుద్రవం వాడండి. స్టెయిన్‌లెస్‌కు అయస్కాంత పరీక్ష పనిచేయదు, ఇదే దారి. శుభ్రమైన, పొడిగా ఉన్న లోహం మీద ఎర్ర ద్రవం వేసి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. తర్వాత క్లీనర్‌ను గుడ్డ మీద చల్లి దానితో తుడవండి. గొట్టం మీదే క్లీనర్ చల్లితే పగుల్లో దిగిన రంగు కూడా కొట్టుకుపోతుంది. పైన తెల్ల డెవలపర్ పలుచగా వేయండి. పగులుంటే కొద్ది నిమిషాల్లో తెల్లటి పొడి మీద ఎర్ర గీత ఊరుతుంది. గీత సన్నగా మొదలై నెమ్మదిగా వెడల్పవుతుంటే పగులు లోతుగా ఉన్నట్టు.

మఫ్లర్‌ను చేతుల్లోకి తీసుకుని ఊపండి. లోపల ఏదైనా గలగలలాడితే అది మఫ్లర్ లోపలి రేకు భాగాలైన ఫ్లేమ్ కోన్ లేదా బాఫిల్ నుంచి ఊడిన ముక్క. ఆ ముక్క జరిగి బయటి దారిని మూసేస్తే ఇంజన్ ఊపిరాడక బలం కోల్పోతుంది, అదీ టేకాఫ్ లాంటి నిండు పవర్ వేళ. గలగల వింటే ఆ మఫ్లర్ మళ్లీ ఎగరకూడదు. శబ్దం లేకపోయినా టెయిల్‌పైపు నుంచి బోరోస్కోప్ (సన్నని కెమెరా గొట్టం) పంపి కోన్‌లు నిటారుగా, చివర్లు కాలిపోకుండా ఉన్నాయో లేదో చూడండి.

గాలి పరీక్ష

కంటికి అందని చోట్లకు గాలే సాక్ష్యం. సెస్నా సర్వీస్ మాన్యువల్లో చెప్పిన పద్ధతి రెండంచెలు.

విమానం మీద ఉండగానే చేసేది మొదటిది. ఒక పెద్ద వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి ఊదే వైపును టెయిల్‌పైపుకు రబ్బరు బిరడాతో బిగించండి. క్లీనర్ లోపల దుమ్ము లేకుండా చూసుకోండి, లేకపోతే అదంతా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. మోటారు నడుస్తుండగా జాయింట్లన్నింటికీ సబ్బునీళ్లు రాయండి. స్లిప్ జాయింట్ దగ్గర చిన్న బుడగలు ఏర్పడితే పర్లేదు. బుడగలు నిలవకుండా గాలికి ఎగిరిపోతుంటే అది ఒప్పుకోదగ్గది కాదు. గొట్టం గోడ నుంచో అతుకు నుంచో బుడగ వస్తే అది పగులు కిందే లెక్క.

విప్పిన భాగాలకు రెండో పద్ధతి. నోళ్లన్నీ రబ్బరు బిరడాలతో మూసి, ఒకదాని గుండా సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ గాలి ఇవ్వండి. పాదరసం లెక్కలో 3 అంగుళాలు. భాగాన్ని నీళ్ల తొట్టిలో ముంచి నెమ్మదిగా తిప్పుతూ బుడగల వరుస కోసం చూడండి. గేజీ లేకుండా కంప్రెసర్ నేరుగా తగిలించొద్దు, ఆ ఒత్తిడికి పలుచని మఫ్లర్ చీలుతుంది, బిరడా తుపాకీ గుండులా ఎగురుతుంది. పరీక్ష తర్వాత మఫ్లర్‌ను వెచ్చని గాలితో పూర్తిగా ఆరబెట్టండి.

పగులు దొరికితే

చివర రంధ్రం వేసి ఆపేద్దామనే అలవాటు అల్యూమినియం ఫెయిరింగ్‌లతో వచ్చింది, ఎగ్జాస్ట్‌కు పనికిరాదు. మీరు వేసిన రంధ్రం కొత్త లీకు అవుతుంది. పైన రేకు ముక్క అతికించడమూ వద్దు. ఎగ్జాస్ట్ మరమ్మతు చేసే ఆమోదిత షాపుకు పంపండి. వాళ్లు గొట్టం లోపల ఆర్గాన్ నింపి టిగ్ వెల్డింగ్ చేస్తారు, 321 స్టీలుకు 347 రకం ఫిల్లర్ కడ్డీ వాడతారు. లోపల ఆర్గాన్ లేకుండా వెల్డింగ్ చేస్తే అతుకు వెనకవైపు మాడిన బెల్లంపాకంలా గడ్డకడుతుంది, మళ్లీ అక్కడే పగులుతుంది. గోడ పలుచబడిన మఫ్లర్‌ను వెల్డింగ్ చేయించి డబ్బు పారేసుకోవద్దు, మార్చేయండి. అతుకు పక్కనే పలుచని చోట మళ్లీ చిట్లుతుంది.

గంటల విషయం కూడా చూసుకోండి. ఎఫ్‌ఏఏ 2009లో ప్రచురించిన అధ్యయనంలో మఫ్లర్ వల్ల కార్బన్ మోనాక్సైడ్ లీకైన కేసుల్లో అత్యధికం 1000 గంటలు దాటిన మఫ్లర్లవే. మీ లాగ్‌బుక్‌లో మఫ్లర్ ఎప్పుడు పెట్టారో, దాని మీద ఎన్ని గంటలయ్యాయో వెతికి, కనపడేలా రాసి పెట్టుకోండి.

రంగు, సిరామిక్ పూత, వేడి పట్టీ

కార్లలో, బైకుల్లో ఎగ్జాస్ట్‌కు గుడ్డపట్టీ చుడతారు. విమానానికి చుట్టకండి. పట్టీ వేడిని లోపలే ఆపుతుంది, లోహం ఇంకా కాలుతుంది, తడి పట్టి ఉంచుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, కింద ఏం జరుగుతుందో కంటికి కనపడదు.

వేడి తట్టుకునే సిలికాన్ రంగు డబ్బాలు సాధారణంగా 650 డిగ్రీల దాకా తట్టుకుంటాయని ఉంటుంది. రైజర్ పైచివర అవి పెచ్చులుగా లేచిపోతాయి. మామూలు ఉక్కు టెయిల్‌పైపు ఉన్న పాత విమానాల్లో తుప్పు ఆపడానికి ఆ రంగు అర్థవంతమే. స్టెయిన్‌లెస్‌కు అవసరం లేదు.

సిరామిక్ పూత సొంతంగా కట్టుకున్న విమానాల్లో కొందరు వేయిస్తారు, కౌలింగ్ లోపల వేడి తగ్గుతుంది. సర్టిఫైడ్ విమానంలో అది మార్పు కింద వస్తుంది, దానికి ఆమోదం కావాలి. ఆమోదం ఉన్నా మఫ్లర్ మీద నేనైతే వద్దంటాను. పూత గట్టిగా ఉండి కింది లోహం పగిలితే, ఆ పగులు కనపడేసరికి ఆలస్యమవుతుంది. హీటర్ గాలి కోసం మఫ్లర్ బయటికి వేడి ఇవ్వాలి కూడా.

బిగించడం

ఫ్లాంజ్ ముఖాన్ని మందపు గాజుపలక మీద పెట్టి కింద నుంచి వెలుగు దూరుతోందా చూడండి. ఫ్లాంజ్ వంగి ఉంటే గాస్కెట్ ఎంత మంచిదైనా వాయువు సందు చేసుకుంటుంది. ఆ సన్నని వేడి ధార అల్యూమినియం సిలిండర్ పోర్టు ముఖాన్ని కోసేస్తుంది. అప్పుడు ఖర్చు గాస్కెట్‌తో పోదు, సిలిండర్ దాకా వెళ్తుంది.

పోర్టుకు ఒక కొత్త గాస్కెట్. పాతది మళ్లీ వాడొద్దు, అది ఒకసారి నలిగిపోయింది. స్టడ్‌లకు నికెల్ ఆధారమైన యాంటీ సీజ్ పలుచగా రాయండి. గొట్టం మీద వేలిముద్రల్ని ఎసిటోన్‌తో తుడిచేయండి, లేకపోతే అవి మొదటి రన్‌లోనే కాలి ముద్రపడతాయి.

బిగించే వరుస పనంతటికీ ప్రాణం. ముందు అన్నీ వదులుగా కూర్చోబెట్టాలి: రైజర్లు, మఫ్లర్, టెయిల్‌పైపు, క్లాంపులు. అన్నీ బలవంతం లేకుండా తమ చోట్లలో కూర్చున్నాక ఫ్లాంజ్ నట్లను అటూ ఇటూ సమానంగా బిగించండి. తర్వాత క్లాంపులు. చివరన టెయిల్‌పైపు ఊత. క్లాంపులు ముందు బిగించి, సరిపడని ఫ్లాంజ్‌ను నట్లతో లాగితే ఆ బిగువు గొట్టంలోనే ఉండిపోతుంది, వేడెక్కినప్పుడు మెడ దగ్గర చీలుతుంది. కొత్తగా పెట్టిన రైజర్ కొద్ది గంటలకే పగిలితే ముందు ఈ వరుసనే అనుమానించండి.

టార్క్ విలువ మీ మోడల్ మాన్యువల్లోదే వాడండి. ఆ అంకె అంగుళం-పౌండ్లలో ఉందా, అడుగు-పౌండ్లలో ఉందా రెండుసార్లు చూడండి. ఆ తేడా పన్నెండు రెట్లు, స్టడ్ తెగిపోతుంది. చివరగా టెయిల్‌పైపు చుట్టూ కౌలింగ్‌కు ఖాళీ సమానంగా ఉందా చూడండి. ఇంజన్ మౌంటు రబ్బర్లు కుంగితే ఇంజన్ కిందికి దిగి గొట్టం కౌలింగ్‌కు రాసుకుంటుంది.

మొదటి రన్, కార్బన్ మోనాక్సైడ్ కొలత

ఇంజన్‌ను మామూలు వేడికి తెచ్చి ఆపండి. పూర్తిగా చల్లారాక నట్ల టార్క్ మళ్లీ చూడండి. గాస్కెట్ కూర్చునేసరికి కాస్త వదులవుతాయి. పది గంటల తర్వాత మరోసారి.

తర్వాత డిజిటల్ మీటరుతో కొలవండి. విమానాన్ని గాలికి ఎదురుగా నిలిపి, తలుపులు కిటికీలు మూసి, హీటర్ పూర్తిగా లాగి, ఇంజన్ నడిపి, హీటర్ గాలి వచ్చే చోట, ముఖం ఎత్తులో, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) దగ్గర పాదాల చోట చూడండి. చిన్న విమానాల అమెరికా ధ్రువీకరణ నిబంధనల్లో 2017 దాకా ఉన్న పరిమితి 20,000 భాగాల్లో ఒకటి, అంటే 50 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 50). ఆ అంకెను హద్దుగా పెట్టుకోండి, లక్ష్యంగా కాదు. ష్రౌడ్, ఫైర్‌వాల్ రంధ్రాలు బాగుంటే మీటరు సున్నా దగ్గరే ఉండాలి. హీటర్ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూస్తే లీకు ఎటు నుంచో తెలుస్తుంది. తెరిచినప్పుడే పెరిగితే మఫ్లర్. రెండింటిలోనూ ఉంటే ఫైర్‌వాల్ సందులు, తలుపు రబ్బర్లు చూడండి.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, మగత వచ్చేసరికి అది గుర్తించే బుద్ధే మందగించి ఉంటుంది. 2019 జనవరి 21న ఇంగ్లిష్ ఛానెల్‌లో కూలిన పైపర్ మాలిబు విమానంలో ప్రయాణించిన ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (ఈ వాయువు అంటుకున్న హిమోగ్లోబిన్) 58 శాతం ఉన్నట్టు బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఏఏఐబీ తేల్చింది. 1982 నుంచి 2020 వరకు ఈ విషవాయువు కారణమైన 31 ప్రమాదాలను అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ గుర్తించింది. అందులో 42 మంది చనిపోయారు. డిటెక్టర్ ఉన్న విమానం ఆ 31లో ఒక్కటే.

కాబట్టి మోగే డిటెక్టర్ పెట్టండి. ప్యానెల్‌కు అంటించే రంగు మారే బిళ్ల చాలదు. దాని గడువు తీరిపోయినా ఎవరూ గమనించరు, రంగు మారినా అరవదు.

హైదరాబాద్ చుట్టుపక్కల శిక్షణ విమానాల్లో హీటర్ వాడేదే అరుదు కదా అనుకోవచ్చు. హీటర్ ముట్టకపోయినా కార్బ్యురేటర్ హీట్ ప్రతి దిగడంలోనూ లాగుతారు. ఆ తొడుగు కింద గొట్టం పగిలితే కాలిన వాయువే కార్బ్యురేటర్‌లోకి పోతుంది. రన్‌అప్‌లో (టేకాఫ్‌కు ముందు చేసే ఇంజన్ పరీక్షలో) కార్బ్ హీట్ లాగినప్పుడు ఆర్‌పీఎమ్ ఎప్పటికన్నా ఎక్కువ పడితే, ఇంజన్ గరగరలాడితే ష్రౌడ్ విప్పి చూడండి. పైగా పగులు నుంచి వచ్చే మంటధార పక్కనున్న వైరునో, పెట్రోల్ గొట్టాన్నో, ఇంజన్ మౌంటునో కాల్చగలదు. దానికి చలికాలం అక్కర్లేదు.

మధ్యమధ్యలో

ఆయిల్ మార్చిన ప్రతిసారీ, అంటే ఫిల్టర్ ఉన్న ఇంజన్‌లో 50 గంటలకోసారి, కౌలింగ్ తీసే ఉంటుంది కాబట్టి టార్చితో జాడల కోసం చూడండి. ప్రతి 100 గంటలకూ ష్రౌడ్ విప్పి వాక్యూమ్ క్లీనర్ పరీక్ష చేయండి. మఫ్లర్ 1000 గంటలు దాటాక ఆ రెండిటి మధ్య ఇంకోసారి చూడటం అతి అనిపించుకోదు.

గాల్లో మాగ్నెటో స్విచ్ (ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే పరికరం స్విచ్) పొరపాటున ఆపి మళ్లీ వేయకండి. ఆ క్షణంలో మఫ్లర్‌లో పోగైన కాలని పెట్రోల్ ఒక్కసారిగా పేలి కోన్‌లను చీలుస్తుంది. ఎత్తు నుంచి పవర్ ఒక్కసారిగా తీసేసి దిగడం కూడా పలుచని లోహానికి మంచిది కాదు. నెలల తరబడి నిలబెట్టిన విమానాన్ని అయిదు నిమిషాలు నడిపి ఆపేయడం అంతకన్నా చెడ్డది. కాలినప్పుడు పుట్టిన నీరు, సీసంతోపాటు పెట్రోల్‌లో ఉండే బ్రోమిన్ సమ్మేళనాల నుంచి వచ్చే ఆమ్లం, రెండూ మఫ్లర్ అడుగున చేరి లోపలి నుంచి తింటాయి. నడిపితే ఎగరేంతసేపు నడపాలి.

ఫ్లైట్‌కు ముందు చుట్టూ తిరిగి చూసేటప్పుడు, ఇంజన్ చల్లగా ఉంటే టెయిల్‌పైపును చేత్తో మెల్లగా కదిపి చూడండి. స్ప్రింగులా కాస్త ఆడాలి, ఊగిపోకూడదు, లోపల గలగలలాడకూడదు. వేలితో లోపలి అంచు తుడిచి ఆ మసిని చూడండి: పొడిగా బూడిదరంగులో ఉంటే సరే, నల్లగా పొడిగా ఉంటే మిశ్రమం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) నడుస్తోంది, నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ కాలుతోంది. ఆ చేతిని మాత్రం క్యాబిన్‌లోకి వెళ్లేముందు సబ్బుతో కడుక్కోండి.